పాత గుడ్డలతో యూదు వస్త్రకళ, బొంతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరు జిల్లాలో అమ్మమ్మ కుట్టిన బొంతల మీద పెరిగాను. న్యూజెర్సీకి వచ్చాక మా వీధి చివర ఉన్న యూదుల ప్రార్థనామందిరం, సినగాగ్‌లో వారానికొకసారి కలిసే కుట్టుబృందంలో చేరాను. నేను యూదురాలిని కాను. అయినా ఇన్నేళ్లుగా ఆ బల్ల చుట్టూ కూర్చుని నేర్చుకున్నది చాలా ఉంది. దాని గురించి తెలుగువారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఫలానా పని చేయవచ్చా లేదా అనే చోట యూదుల్లోనే సంప్రదాయాన్ని బట్టి తేడాలుంటాయి. ఎవరికోసం కుడుతున్నారో వారి రబ్బీ, అంటే మతగురువు, మాటే చివరి మాట.

యూదు వస్త్రకళకూ పాత గుడ్డకూ సంబంధం ఏమిటి?

సినగాగ్‌లోకి అడుగుపెడితే ముందు కనిపించేవి గుడ్డలే. తోరా అంటే యూదుల ధర్మగ్రంథం. ఆ తోరా చుట్టలను ఉంచే మందసానికి వేలాడే తెర పేరు పరోఖెత్. ఒక్కో తోరా చుట్టకు ఒక పట్టీ, దానిపైన ఒక తొడుగు ఉంటాయి. ఇంట్లో శుక్రవారం రాత్రి రొట్టెల మీద కప్పే గుడ్డ, ప్రార్థన శాలువా తల్లీత్, దాన్ని పెట్టుకునే సంచి, పెళ్లిలో వధూవరుల తలపైన పట్టే పందిరి హుప్పా, ఇలా పుట్టుక నుంచి చావు దాకా ఏదో ఒక గుడ్డ తోడుంటుంది.

వీటిలో చాలా వాటికి అంతకుముందే ఒక జన్మ ఉంది. ఒట్టోమన్ సామ్రాజ్యంలోని యూదు స్త్రీలు పెళ్లికి తొడుక్కున్న మఖ్మల్ దుస్తులు, పడకల మీద పరచిన బంగారు జరీ దుప్పట్లు తర్వాతి కాలంలో సినగాగ్‌కు చేరి మందసం తెరలయ్యాయి. చాలాసార్లు చనిపోయిన స్త్రీ జ్ఞాపకంగా ఇంటివాళ్లు ఇచ్చేవారు. అలాంటి తెర ఒకటి మ్యూజియంలో చూశాను. దాని కింది భాగంలో గౌను నడుము దగ్గరి కుచ్చుల గీతలు ఇంకా లీలగా కనబడుతున్నాయి. కుట్టినవారు వాటిని ఇస్త్రీతో చెరిపేయాలని చూడలేదు.

ఇదంతా పేదరికం వల్ల వచ్చిన అలవాటేనా?

కొంతవరకు అవును, కానీ అంతటితో ఆగలేదు. వెనిస్‌లో 1516లో యూదులను గెట్టోలో ఉంచినప్పుడు వారికి అనుమతించిన కొద్దిపాటి వృత్తుల్లో పాతబట్టల వ్యాపారం ఒకటి. 1555లో నాలుగో పాల్ పోపు జారీ చేసిన శాసనం ఇంకా కఠినమైనది. పోపు పాలనలోని ప్రాంతాల్లో యూదులు పాతబట్టలు, గుడ్డపీలికలు తప్ప మరో సరుకు అమ్మరాదన్నది. అవమానించడానికి పెట్టిన ఆ నిబంధన వల్ల ఇటలీ దొరల ఇళ్లలో వాడి వదిలేసిన పట్టు, జరీ, మఖ్మల్ వీరి చేతుల మీదుగా నడిచాయి. వాటిలోంచి ఏరినవి సినగాగ్‌కు చేరాయి. రోమ్‌లోని యూదు మ్యూజియంలో ఇలాంటి వస్త్రాలు వందల కొద్దీ ఉన్నాయి.

తూర్పు ఐరోపా యూదుల యిద్దిష్ భాషలో గుడ్డపీలికను ‘ష్మాటే’ అంటారు. న్యూయార్క్‌లో బట్టల పరిశ్రమ మొత్తానికీ అదే పేరు స్థిరపడింది. మన భాషలో ‘అతుకుల బొంత’ అన్నమాట తిట్టులా వాడుతాం. ఈ రెండు మాటలూ పక్కపక్కన వినబడినప్పుడల్లా, అతికే పని ఎంత ఓపిక అడుగుతుందో అనేవారికి తెలియదనిపిస్తుంది.

విమ్పెల్ అంటే ఏమిటి?

పాత గుడ్డ గురించి ఒక్క ఉదాహరణే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. జర్మనీ యూదుల ఆచారం ఇది. మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్నతి చేసేటప్పుడు చుట్టిన పొత్తిగుడ్డను ఉతికి, నాలుగు పొడవాటి పీలికలుగా కత్తిరించి, కొసకు కొస కలిపి కుడతారు. జానెడు వెడల్పు, సుమారు మూడు మీటర్ల పొడవు ఉన్న పట్టీ తయారవుతుంది. దాని మీద బిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఒక దీవెన హీబ్రూలో కుడతారు లేదా రంగులతో రాస్తారు. ‘ఈ బిడ్డ తోరాకు, హుప్పాకు, మంచి పనులకు ఎదుగు గాక’ అన్నది ఆ దీవెన సారం. తోరా అన్నచోట చిన్న తోరా చుట్ట, హుప్పా అన్నచోట పందిరి కింద వధూవరులు, పుట్టిన నెల పక్కన ఆ రాశి బొమ్మ, చేప అయితే చేప, తేలు అయితే తేలు.

బిడ్డ మూడేళ్ల వయసులో మొదటిసారి సినగాగ్‌కు వచ్చినప్పుడు ఆ పట్టీని కానుకగా ఇస్తాడు. దాన్ని తోరా చుట్టకు కడతారు. పుట్టిన ఎనిమిదో రోజున తనను చుట్టిన గుడ్డే ఇప్పుడు ధర్మగ్రంథాన్ని చుడుతుంది. ఊళ్లోని పిల్లలందరి పట్టీలూ చేరి చేరి సినగాగ్ పెట్టె ఆ ఊరి జనన పట్టిక అవుతుంది. 16వ శతాబ్దం నాటి పట్టీలు కూడా నేటికీ నిలిచి ఉన్నాయి.

ఈ ఆచారానికి మూలంగా మహరిల్ అనే పేరుతో ప్రసిద్ధుడైన రబ్బీ యాకోబ్ మోలిన్ పేరు చెబుతారు. ఆయన 1427లో మరణించారు. ఒక సున్నతి వేళ బిడ్డకు గుడ్డ లేకపోతే తోరా పట్టీనే వాడమని, తర్వాత ఉతికి, సినగాగ్‌కు కొంత సొమ్ము చేర్చి తిరిగి ఇవ్వమని ఆయన చెప్పారని కథనం.

మన ఇళ్లలోనూ పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వేయకుండా మెత్తబడిన పాతచీర ముక్కలో చుట్టడం ఉంది. ఆ ముక్క తర్వాత ఎక్కడికి పోయిందో ఎవరూ గుర్తుపెట్టుకోరు. విమ్పెల్ సంగతి విన్న రోజు నుంచి నా బిడ్డల పొత్తిగుడ్డలు పారేసినందుకు మనసులో బాధ ఉండిపోయింది. ఇప్పుడు చాలా కుటుంబాలు ఆడపిల్లలకు కూడా విమ్పెల్ చేస్తున్నాయి.

వాడిన గుడ్డ పవిత్రమైన వస్తువుకు పనికొస్తుందా?

దీని మీద శతాబ్దాల చర్చ ఉంది. 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకో నగరంలో ఉన్న రబ్బీ మోషే ఇస్సెర్లెస్, మామూలు మనుషులు సొంతానికి వాడేసిన పాత వాటితో తోరా గుడ్డలు చేయరాదని రాశారు. దేవుడికి ఇచ్చేది మన దగ్గర మిగిలిపోయింది కాకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. తర్వాతి పండితులు, దుస్తుల రూపం పూర్తిగా మారిపోతే ఫరవాలేదని దారి చూపారు. దానికి వాళ్లు ఎత్తిచూపే ఆధారం నిర్గమకాండము 38:8లోని ఇత్తడి గంగాళం. యాజకులు కాళ్లు చేతులు కడుక్కునే ఆ గంగాళాన్ని స్త్రీల అద్దాలతో చేశారు. సింగారానికి వాడిన అద్దాలని ప్రవక్త మోషే వద్దనుకుంటే, తనకు అన్నిటికన్నా ప్రియమైనవి ఇవేనని దేవుడు చెప్పాడని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి రాశారు. ఐగుప్తులో బానిసత్వం కింద నలిగిన భర్తలకు ఆ అద్దాల ముందు సింగారించుకునే స్త్రీలు ఆశ పుట్టించారట. అందుకే అవి అంత ప్రియమైనవి.

ఇంకో సూత్రం కూడా తెలుసుకోవాలి. పవిత్రతలో పైకి ఎక్కించవచ్చు, కిందికి దించరాదు. పెళ్లిగౌను మందసం తెర కావచ్చు. మందసం తెర దిండుగలీబు కారాదు. యూదు ధర్మచర్చల ప్రాచీన సంకలనమైన తల్ముద్‌లోని మెగిల్లా భాగంలో, చిరిగిన తోరా గుడ్డను అంత్యక్రియలు చేసేవారెవరూ లేని శవానికి కఫన్‌గా వాడవచ్చని ఉంది. దిక్కులేని మనిషిని గౌరవంగా సాగనంపడం అంత పెద్ద ధర్మం కాబట్టి, అక్కడికి వెళ్లడం తోరా గుడ్డకు దిగడం కాదు.

అందుకే ఎవరైనా సంచీడు బట్టలతో వచ్చి ‘వీటితో ఏం చేయవచ్చు’ అని అడిగితే, నేను ముందు డిజైన్ గురించి మాట్లాడను. ఈ గుడ్డ ఇంతవరకు ఎక్కడ ఉంది, ఇకమీదట ఎక్కడికి వెళ్లాలి, ఈ రెండూ తేలాకే కత్తెర తీయమంటాను.

ఏ గుడ్డకు అసలు కత్తెర పెట్టకూడదు?

పేరు, తేదీ, ఊరు రాసి ఉన్న పాత సినగాగ్ వస్త్రాలకు పెట్టకండి. నాజీల కాలం నాటి ఏ గుడ్డకూ, పసుపు నక్షత్రమైనా, చారల దుస్తులైనా, శిబిరంలో అతుకు వేసుకున్న చొక్కా అయినా, పెట్టకండి. అవి సాక్ష్యాలు. ప్రేగ్ యూదు మ్యూజియం సంగతి చూడండి. 1906లో మొదలైన ఆ మ్యూజియానికి నాజీ ఆక్రమణలో, 1942 తర్వాత, బొహీమియా, మొరావియాల్లో ఖాళీ అయిన సమాజాల వస్తువులన్నీ వచ్చి చేరాయి. ఆ తెరల మీద కుట్టిన దాతల పేర్లే కొన్ని కుటుంబాలకు మిగిలిన ఆనవాలు. ఇలాంటిది మీ ఇంట్లో బయటపడితే ఫోటో తీసి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, దగ్గరలోని యూదు మ్యూజియంతో మాట్లాడండి. బొంతలో అది కనబడి తీరాలనుకుంటే ఫోటోను నూలు గుడ్డ మీద ముద్రించుకుని కుట్టండి.

షాత్నెజ్ అంటే ఏమిటి? బొంత కుట్టేవారికి అదెందుకు?

ఉన్ని, నార కలిసిన బట్ట ధరించరాదని లేవీయకాండము 19:19, ద్వితీయోపదేశకాండము 22:11 చెబుతాయి. తెలుగు బైబిల్లో ‘జనుపనార’ అని చదివి చాలామంది గోనెపట్టా అనుకుంటారు. ఇక్కడ ఉద్దేశించింది అవిసె నార, అంటే లినెన్. ఉన్ని అంటే గొర్రె ఉన్ని. నూలు, పట్టు, పాలిస్టర్ దేనితో కలిసినా ఇబ్బంది లేదు.

కొత్త తాను కొంటే దానిలో ఏముందో దుకాణంలో చెబుతారు. పాత గుడ్డకు చీటీ ఊడిపోయి ఉంటుంది. పైగా అసలు ప్రమాదం లోపల దాగి ఉంటుంది. మగవారి ఉన్ని కోటు కాలరు నిటారుగా నిలవడానికి లోపల నార కాన్వాసు పెట్టి కుట్టడం పాత దర్జీల పద్ధతి. కోటు పైగుడ్డ ముక్కతో పాటు ఆ కాన్వాసు కూడా బొంతలోకి వచ్చేస్తుంది. అందుకే కోటును తెచ్చిన వెంటనే కాలరు, భుజం, జేబుమూతలు విప్పి పొరలన్నీ వేరు చేయాలి.

రెండు పోగులు లాగి కాల్చి చూడటం ఒక ఇంటి పరీక్ష. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, మంట తీయగానే ఆరిపోయి నల్లటి పూస కడుతుంది. నార కాగితంలా కాలి బూడిద మిగులుస్తుంది. కానీ నూలు కూడా అలాగే కాలుతుంది కాబట్టి, ఆచారం గట్టిగా పాటించే ఇంటికి ఇచ్చే వస్తువైతే ఈ పరీక్ష సరిపోదు. సూక్ష్మదర్శినితో పోగు చూసి చెప్పే షాత్నెజ్ పరీక్షకులు ఉన్నారు, వారి దగ్గరికి పంపండి.

యూదు ధర్మసూత్రాల ప్రాచీన సంకలనం మిష్నాలో నాకు చాలా ఇష్టమైన ఒక లెక్క ఉంది. ఉన్ని ముక్కను, నార ముక్కను ఒకే ఒక్క కుట్టుతో కలిపితే అది కలిపినట్టు కాదు. రెండో కుట్టు పడితేనే కలిసినట్టు. మధ్యలో నూలు ముక్క పెట్టి ఇటు ఉన్ని, అటు నార కుడితే ఎలా అన్నదాని మీద పండితులు ఒకే మాట మీద లేరు. అంత దూరం ఎందుకు? కప్పుకునే బొంతలో ఈ రెంటిలో ఒకదాన్ని మొదటే పక్కన పెట్టేయడం మేలు.

మొదటిసారి ఏం కుట్టాలి?

హల్లా కప్పు. సబ్బాతు, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం, భోజనానికి పెట్టే రెండు జడ రొట్టెలను కప్పే గుడ్డ అది. ఎడారిలో కురిసిన మన్నా పైనా కిందా మంచుపొరతో వచ్చిందని దానికి గుర్తుగా కప్పుతారు. ఇంకో కారణం కూడా చెబుతారు. ముందు ద్రాక్షారసానికి ఆశీర్వాదం చెబుతారు కదా, తనను వెనక్కి నెట్టారని రొట్టె చిన్నబుచ్చుకోకుండా దాని ముఖం కప్పుతారట. రొట్టె మనసే నొప్పించకూడదంటే మనిషి సంగతి వేరే చెప్పాలా అని పిల్లలకు ఈ వంకతో నేర్పుతారు.

కొలత 45 సెంటీమీటర్లు, 55 సెంటీమీటర్లు ఉంటే చాలు. దీనికి మగవారి పాత టైలు బాగుంటాయి. ఇంట్లో ఎన్నో ఉంటాయి, చాలావరకు పట్టు, ఎవరూ కట్టుకోరు. నాకు ఎనిమిది టైలు పట్టాయి. పద్ధతి ఇది.

టైని ముందు ఉతకకండి. వెనకవైపు మధ్యలో ఒకే దారంతో వేసిన పొడవాటి కుట్టు ఉంటుంది. దాని ముడి తెంపి మెల్లగా లాగితే మొత్తం ఊడి వస్తుంది. లోపల మందమైన పట్టీ ఒకటి ఉంటుంది, చాలాసార్లు ఉన్నిది. దాన్ని తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు పట్టును చల్లటి నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో జాడించి, నీడలో ఆరేసి, వెనకవైపు నుంచి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి. నేను మొదటి టైని విప్పకుండానే నీళ్లలో వేశాను. లోపలి పట్టీ కుంచించుకుపోయి పైపట్టు ముడతలు పడింది, ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు. అది ఒకరి తండ్రి టై. ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఆ రోజు నుంచి విప్పనిదే తడపను.

టై గుడ్డను ఏటవాలుగా కత్తిరించి ఉంటారు, అందుకే అది లాగితే సాగుతుంది. మిషను కింద పెట్టగానే అంచులు అలల్లా లేస్తాయి. ఇస్త్రీతో అంటుకునే పల్చటి అస్తరును వెనక వేస్తే పడుగు పేక కుదురుగా నిలుస్తుంది. ఆ తర్వాతే ముక్కలు కోసి, కుట్టు కోసం అర అంగుళానికి కొంచెం తక్కువ అంచు వదిలి కలపండి. అడుగున పాత నూలు దుప్పటి ముక్క వేయండి. మధ్యలో దూది అక్కర్లేదు, రొట్టె మీద గుడ్డ వాలాలి గానీ పరుపులా నిలవకూడదు.

హీబ్రూ అక్షరాలు కుట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఇస్త్రీతో అంటించే అక్షరాలకు కాగితం మీద గీసింది గుడ్డ మీద తిరగబడి పడుతుంది కాబట్టి, ముందే అద్దంలో బొమ్మలా గీయాలి. కొన్ని అక్షరాల మధ్య తేడా కుట్టు మందమంతే ఉంటుంది. ‘దాలెత్’ మూల కోణంగా ఉండాలి, ‘రేష్’ మూల గుండ్రంగా ఉండాలి. గొలుసుకుట్టుతో మూల తిప్పేటప్పుడు దాలెత్ కాస్తా రేష్ అయిపోయి, మాటే మారిపోతుంది. మూల దగ్గర దారాన్ని కిందికి దించి, కొత్త కుట్టుగా మొదలుపెట్టండి. చదవగలిగినవారికి చూపించకుండా ముడి వేయకండి.

దేవుడి నామాన్ని పూర్తిగా కుట్టరాదు. రాసిన నామాన్ని చెరపరాదు, ఉతికే గుడ్డ మీద, ఒకనాడు చిరిగే గుడ్డ మీద అది ఉంటే ఆ భారం తర్వాతివారి మీద పడుతుంది. దాని బదులు వాడే సంక్షిప్త రూపాలున్నాయి, అడిగి తెలుసుకోండి.

ఆరు కోణాల నక్షత్రం తప్పనిసరా?

అక్కర్లేదు. అది యూదు గుర్తుగా విస్తృతమైంది బాగా తర్వాతి కాలంలోనే. అంతకన్నా పాతవి ఏడు కొమ్మల దీపస్తంభం, ద్రాక్షతీగ, దానిమ్మ. ప్రధాన యాజకుడి అంగీ అంచుకు నీలం, ఊదా, ఎరుపు దారాల దానిమ్మలు కట్టాలని నిర్గమకాండంలో ఉంది. 1977లో న్యూయార్క్‌లో మొదలైన యూదు సూదిపని సంఘం పేరు కూడా పోమ్‌గ్రానెట్ గిల్డ్, అంటే దానిమ్మ సంఘం. ఎర్ర పాత చీరముక్కలు మిగిలితే దానిమ్మగింజలకు మించినది లేదు.

నక్షత్రమే కావాలంటే, ఒకే కొలత సమబాహు త్రిభుజాలు పన్నెండు చాలు. ఆరు మధ్యలో, ఆరు కొసలకు.

పట్టుచీరతో హుప్పా చేయవచ్చా?

తెలుగు అమ్మాయి, యూదు అబ్బాయి పెళ్లి కుదిరిన ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్న ఇది. చేయవచ్చు. హుప్పా గుడ్డ ఇదే అయి ఉండాలన్న పట్టింపు లేదు, తల్లీత్‌నే నాలుగు కర్రలకు కట్టేవారూ చాలామంది. అమెరికాలో బంధువులు, స్నేహితులు తలో గుడ్డముక్క పంపితే అన్నీ కలిపి కుట్టడం ఇప్పుడు వాడుక. ఆరడుగుల చదరం తీసుకుంటే సరిపోతుంది.

చీర విషయంలో చూసుకోవలసింది బరువు. నలభై ఏళ్లనాటి కంచిపట్టుకు జరీ బరువు ఎక్కువ, మడతల దగ్గర పట్టు పొడిపొడిగా చిట్లి ఉంటుంది. నాలుగు మూలలకు కట్టి లాగితే చిట్లిన చోటే చిరుగుతుంది. అందుకని కింద మెత్తటి నూలు గుడ్డ పరిచి, చీరను దాని మీద చిన్న చిన్న చేతికుట్లతో అంగుళం అంగుళానికి పట్టించాలి. బరువును నూలు మోస్తుంది, చీర కనబడుతుంది. పందిరి కిందినుంచి చూసేది వధూవరులు కాబట్టి, అడుగున కూడా అందమైనదే వేయండి. మేము ఒకసారి పైన వధువు అమ్మమ్మ పట్టుచీర, అడుగున మంగళగిరి నూలుచీర వేశాం. నిజాం అంచు నాలుగు వైపులా చట్రంలా వచ్చింది.

చనిపోయినవారి బట్టలు వాడవచ్చా? చిరిగినవి ఏం చేయాలి?

చెప్పులు, బూట్లు తప్ప మిగతా బట్టలు వాడుకోవడం సాధారణమే. చొక్కాలు, లుంగీల్లాంటి ఇంటిబట్టలతో జ్ఞాపకాల బొంత కుట్టించుకునేవారే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. మొదట ఒకే మాట చెబుతాం. అన్నీ ఒకేసారి తేకండి, ఉతకకుండా ఒక్క చొక్కా మాత్రం ఇంట్లో ఉంచుకోండి. ఉతికాక ఆ మనిషి వాసన మళ్లీ రాదు.

చిరుగు విషయం వేరు. దగ్గరివారు పోయినప్పుడు యూదులు తొడుక్కున్న బట్టను చించుకుంటారు. తల్లిదండ్రుల కోసమైతే ఎడమవైపు, గుండె మీద. ఆ చిరుగును ఎన్నటికీ పూర్తిగా కుట్టి మాపరాదు. ముప్పై రోజుల తర్వాత వదులుగా టాకాలు వేసుకోవచ్చు, నిచ్చెనమెట్లలా కనబడేలా, అంతే.

ఒక పెద్దావిడ తన తల్లి పోయినప్పుడు చించుకున్న బూడిదరంగు స్వెటరు తెచ్చారు. ఎడమ మెడపట్టీ దగ్గర బెత్తెడు చిరుగు. దాని మీద తన చేత్తో వేసుకున్న టాకాలు, దారం వెలిసి కొంచెం పసుపు తిరిగింది, ఒక్కో టాకా మధ్య వేలు దూరేంత సందు. బొంత మధ్యలో పెట్టమన్నారు. అల్లిక జారిపోకుండా వెనక నల్లటి నూలు అంటించాం. అంచుల చుట్టూ కుట్టు వేశాం. చిరుగును మాత్రం తాకలేదు. ఆ సందుల్లోంచి వెనక నలుపు కనబడుతుంది. నేను సూది పట్టుకున్నంతసేపూ ఆవిడ చూపుడువేలు ఆ చిరుగు పక్కనే ఉంది, నా కుట్టు పొరపాటున దాని మీదికి పోకుండా.

బొంతలతో చరిత్ర చెప్పినవారు ఉన్నారా?

ఎస్తేర్ నిసెంథాల్ క్రినిట్జ్ పేరు తప్పక తెలుసుకోండి. పోలండ్‌లోని ఒక పల్లెలో పుట్టి, పదిహేనేళ్ల వయసులో చెల్లెలితో కలిసి నాజీల నుంచి తప్పించుకున్నారు. మిగతా కుటుంబాన్ని మళ్లీ చూడలేదు. అమెరికాలో దర్జీగా బతికారు, చిత్రకళ నేర్చుకోలేదు. 1977లో, యాభై ఏళ్ల వయసులో, తన ఇల్లు ఎలా ఉండేదో కూతుళ్లకు చూపాలని గుడ్డముక్కలు అతికి, దారంతో కుట్టి మొదటి పటం చేశారు. అలా 36 పటాలు చేశారు. పొలంలో ఒక్కొక్క గడ్డిపరకా ఒక్కో కుట్టు.

బ్రిటన్‌లో మరో తరహా ఉంది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి 1945 నుంచి అక్కడికి చేరిన 732 మంది పిల్లల్లో పలువురి కుటుంబాలు, ఒక్కొక్కరికి ఒక్కో చదరం చొప్పున జ్ఞాపకాల బొంతలు కుట్టాయి.

యూదులు కానివారు వీటిని కుట్టవచ్చా?

హల్లా కప్పులు, సంచులు, బొంతలు, హుప్పా నిరభ్యంతరంగా కుట్టవచ్చు. తల్లీత్ గుడ్డ నేయవచ్చు, అంచు కుట్టవచ్చు. దాని నాలుగు మూలల కుచ్చులు, సంఖ్యాకాండము 15:38లో చెప్పిన ‘త్సిత్సిత్’ మాత్రం యూదులే ఆ సంకల్పంతో కట్టాలి. మా బృందంలో నేను మూలల రంధ్రాలకు కాజా కుట్టు వేసి పక్కవారికి అందిస్తాను, ముడులు వారు వేస్తారు.

శనివారం కుట్టవచ్చా?

శుక్రవారం సూర్యాస్తమయం ముందు నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా సూది ముట్టరు. సబ్బాతునాడు చేయరాని 39 పనుల్లో కుట్టడం ఒకటి. అక్కడా లెక్క రెండు కుట్లే.

తెలుగు నేల మీద యూదులు ఉన్నారా?

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు సమాజం యూదు మతాన్ని పాటిస్తోంది. అక్కడి సినగాగ్ 1991లో మొదలైంది. మా అమ్మమ్మగారి ఊరికి అంత దగ్గరలో తెలుగు మాట్లాడే ఇళ్లలో సబ్బాతు దీపాలు వెలుగుతాయని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

మిగిలిన పీలికలు ఏం చేయాలి?

మామూలు బట్టల పీలికలు దిండ్లలోకి, బొమ్మల పొట్టల్లోకి వెళ్తాయి. తోరాను తాకిన గుడ్డల కత్తిరింపులు దారప్పోగుతో సహా గెనిజాకు వెళ్తాయి. అంటే వాడకం తీరిన పవిత్ర వస్తువులను చేర్చి, తర్వాత భూమిలో పూడ్చే చోటు. పాత తల్లీత్ నుంచి విప్పిన కుచ్చులను చాలామంది ప్రార్థన పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంటారు. ఒక ధర్మానికి పనికొచ్చింది కదా, ఇంకో ధర్మానికీ పనికి రానిమ్మని తల్ముద్ మాట.

అందుకే మా బల్ల మీద ఎప్పుడూ రెండు డబ్బాలుంటాయి. నీలం డబ్బా దిండ్లకు, తెల్ల డబ్బా గెనిజాకు. కొత్తగా చేరినవారికి మొదటిరోజు సూది ఇవ్వం. ఆ రెండు డబ్బాలు చూపించి, బల్ల కింద రాలిన పోగులు ఏరి దేనిలోది దానిలో వేయమంటాం.